గుగ్గిలం కలిపిన పసుపు

ఆ రోజు ఇంట్లో మొత్తం ఆరుగురం ఉన్నాం. నులక మంచం మీద దేముడమ్మ, పొయ్యి దగ్గర ఆమె కోడలు కాసులమ్మ, గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటూ దేముడమ్మ కొడుకు మసేను, అతనికి ఎదురుగా గంజి తాగుతూ అతని బావ ఎల్లాజి, చీర ఉయ్యాల్లో కాసులమ్మ కూతురు. తలుపు వెనక గోనెసంచి కప్పుకుని నేను. నేను ఒక పడవ ఇంజన్ని. నన్ను కూడా మనుషుల లెక్కలో కలుపుకున్నానని ఏమీ అనుకోకండి. వాన కురిస్తే ఆ ఇంట్లో మంచం తడిసినా ఊరుకుంటారు గాని నా మీద చుక్క పడనివ్వరు. అంత మర్యాద జరిగే చోట నేను బయటిదాన్నని అనుకోవడం నాకే బాగుండదు.

చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం ఎండల్లో రెండు నెలలు వేట ఆపేస్తుంది. ఆ రెండు నెలలూ పడవ ఇసుకలో ఉంటుంది, నేను ఇంట్లో ఉంటాను. ఆ మర్నాడు వేట తెరుస్తారు. అందుకే ఆ రోజు అందరూ ఏ పని చేస్తున్నా మధ్యమధ్యలో తలుపు వెనక్కి చూస్తున్నారు.

నా గురించి కొంచెం చెప్పుకోవాలి. నేను పుట్టింది సముద్రానికి చాలా దూరంలో, ఒక పెద్ద కార్ఖానాలో. నన్ను చేసింది పొలానికి నీళ్ళు తోడటానికి. నా మొదటి యజమాని చెరకు రైతు. కరెంటు మోటారు వచ్చేదాకా ఆయన నన్ను ఎంతో బాగా చూశాడు. అది వచ్చాక నన్ను పశువుల పాకలోకి నెట్టి, నా మీద పిడకల బుట్ట పెట్టుకున్నాడు. పిడకల బుట్టకు అంత బలమైన పీట ఆ జిల్లాలో ఇంకెక్కడా ఉండదు. కొన్నేళ్ళకు పట్నంలో ఒకతను నన్ను కొని, నా వెనక పొడుగాటి ఇనుప కడ్డీ బిగించి, దాని కొసకు రెక్కలు పెట్టి, ఇక నువ్వు పడవ ఇంజనువన్నాడు. ఇన్నాళ్ళూ నీళ్ళను నా దగ్గరికి తెచ్చుకున్నదాన్ని, ఇక నేనే నీళ్ళ మీదికి పోవాల్సి వచ్చింది. మనుషులు ఇలాంటివి ఎవర్నీ అడిగి చెయ్యరు.

మసేను నన్ను కొన్నది వెరావల్ నుంచి తిరిగొచ్చిన ఏడు. వెరావల్ ఎక్కడో గుజరాత్‌లో ఉంది. ఇక్కడి మగవాళ్ళు అక్కడి పెద్ద బోట్లలో పనికి పోయి, ఏడాదిలో ముప్పాతిక భాగం అక్కడే ఉండిపోతారు. కాసులమ్మ కడుపుతో ఉండగా వెళ్ళిన మసేను, పిల్ల పాకే వేళకు వచ్చాడు. ఎత్తుకోబోతే పిల్ల గుక్కపట్టి ఏడ్చి, ఎవడో పరాయివాడు వచ్చాడనుకుని పక్కింటి గుమ్మంలోకి పాకిపోయింది. వీధి అంతా నవ్వింది. కాసులమ్మ కూడా నవ్వింది గాని, ఆ రోజే పట్టుబట్టింది, ఇక వెరావల్ మాట ఎత్తకూడదని, సొంత పడవ చూసుకుని ఊళ్ళోనే వేట చెయ్యాలని. అలా నేను ఆ ఇంటికి వచ్చాను. ఒక మనిషిని ఊళ్ళో నిలబెట్టే పని నాకు అప్పగించారు. నీళ్ళు తోడటం కంటే అది చాలా బరువైన పని.

ఇప్పుడు వెరావల్‌కు మనుషుల్ని తీసుకెళ్ళే మేస్త్రి తవిటయ్య మళ్ళీ ఊళ్ళో దిగాడు. గంజి తాగుతూ ఎల్లాజి ఆ సంగతే ఎత్తాడు. ఆదివారం రైలుకు వెళ్తున్నారట, ఇంకా ఒక మనిషి తక్కువట. మసేను వల మీంచి తల ఎత్తకుండా, ఇంజను బాగా ఆడితే ఎందుకు వెళ్తాను, ఆడకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు. పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

కాసులమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. నలుగురిలో ఉంటే చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడుతుంది. ఏదైనా చెప్పాలనిపిస్తే చేత్తో చేసి చూపిస్తుంది. ఆ సాయంత్రం నన్ను బయటికి లాగించి, సబ్బునీళ్ళతో కడిగి, పాత లంగాతో తుడిచింది. వేట తెరిచే ముందు పడవకూ ఇంజనుకూ పసుపు పూసి బొట్టు పెట్టడం ఆ ఊరి ఆచారం. మామూలుగా అయితే ఆ పసుపు మొదటి అలకే కొట్టుకుపోతుంది. ఈ ఏడు అలా పోకూడదని ఆమె అనుకుంది. చెక్క పడవలు ఉన్న రోజుల్లో, పలకల సందుల్లోంచి నీళ్ళు రాకుండా గుగ్గిలం, అంటే గట్టిపడిన చెట్టు బంక, పొడి చేసి నూనెలో కలిపి పూసేవారు. దేముడమ్మ మొగుడి నాటి గుగ్గిలం ముక్క ఒకటి అటక మీద ఉంది. కాసులమ్మ దాన్ని దించి, దంచి, జల్లించి, నూనెలో కాచి, అందులో పసుపు కలిపింది. అంటే, పడవకు చిల్లు పూడ్చే మందుతో నాకు అలంకారం చేసింది.

నా నెత్తి మీద డీజిల్ ట్యాంకు ఉంటుంది. దానికొక మూత. ఆ మూత మధ్యలో ఆవగింజ కూడా పట్టనంత సన్న చిల్లు. నాలో నాకు అతి ముఖ్యమైనది అదే. కింద డీజిల్ ఖర్చవుతున్న కొద్దీ పైనుంచి గాలి లోపలికి రావాలి, రాకపోతే డీజిల్ దిగదు. నమ్మకం లేకపోతే నిండు సీసా నోటికి కరిచిపెట్టుకుని పీల్చి చూడండి. కాసేపటికి సీసా పెదవుల్ని పట్టుకుంటుంది గాని నీళ్ళు రావు.

కాసులమ్మకు ఆ మూత నా తలలా కనిపించింది. దేవుడికైనా ఇంజనుకైనా పసుపు తల నుంచే మొదలుపెట్టాలి కదా. మందంగా, నున్నగా, వేలితో అద్ది అద్ది పూసింది. మధ్యలో కుంకుమ పెట్టి, “మావని నువ్వే సూసుకోవాల తల్లీ” అని నాతో మెల్లగా అంది. ఆమె నాతో పూర్తి మాట ఒకటి మాట్లాడటం అదే మొదలు. తెల్లారేసరికి ఆ పసుపు లక్కలా గట్టిపడింది. పనితనంలో వంక పెట్టడానికి లేదు.

మర్నాడు తీరంలో గంగమ్మకు పూజ అయ్యాక పడవలన్నీ నీళ్ళలోకి దిగాయి. ఎల్లాజి హేండిల్ తిప్పాడు. నేను ఒక్క ఊపుకే అందుకున్నాను. గట్టు మీద కాసులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం నాకు కనిపించింది. మొదటి అల దాటాం, రెండో అల దాటాం. మూడో అల ముందుకు వచ్చేసరికి నాకు ఊపిరి ఆగింది. ట్యాంకు నిండా డీజిల్ ఉంది, ఒక్క చుక్క దిగడం లేదు. రెండుసార్లు దగ్గి ఆగిపోయాను. అల పడవను ఎత్తి, పక్కకు తిప్పి, వచ్చిన దారినే ఇసుకలోకి విసిరింది. మిగిలిన పడవల వాళ్ళు ఏరా మసేనూ, చేపల్ని గట్టు మీదే పడతావా అని అరుచుకుంటూ వెళ్ళిపోయారు.

అప్పటినుంచి నా మీద పరిశోధన మొదలైంది. ముందు మూత తిప్పి డీజిల్ ఉందా లేదా చూశారు. మూత తీస్తే గాలి వచ్చింది, గాలి వస్తే నేను లేచాను. మూత పెట్టి నీళ్ళలోకి తోశారు, మళ్ళీ అక్కడే ఆగాను. డీజిల్‌లో కల్తీ ఉందని ఎల్లాజి పాత డీజిల్ పారబోసి కొత్తది పోశాడు. పోయడానికి మూత తీశాడు కాబట్టి లేచాను, అతను గొప్పగా చుట్టూ చూసేలోపు ఆగాను. ఎవరి దిష్టో తగిలిందని దేముడమ్మ మిరపకాయలు తిప్పి పడేసింది. ఎల్లాజి నా మెడలో నిమ్మకాయల దండ వేశాడు. దండ అడ్డం వస్తోందని మూత తీసి పెట్టాడు, అందువల్ల నేను ఇంకోసారి లేచాను. ఆ గొప్పతనం నిమ్మకాయలకు పోయింది. తరవాత నేను ఆగిపోయినప్పుడు మాత్రం నిమ్మకాయల్ని ఎవరూ ఒక్క మాట అనలేదు, తిట్లన్నీ నాకే వచ్చాయి.

హేండిల్ తిప్పి తిప్పి ఎల్లాజి అరచేతులు బొబ్బలెక్కాయి. “దీనికంటే నా పెళ్ళాం నయం బావా, రెండు మాట్లంటేనైనా లెగుస్తాది” అన్నాడు. మసేను నవ్వలేదు. తవిటయ్య అటువైపు నడుచుకుంటూ వచ్చి, నన్ను కాసేపు చూసి, ఏమీ అనకుండా చుట్ట వెలిగించుకున్నాడు. ఆయన అవసరమైనప్పుడు ఏమీ అనడు. అందుకే ఆయన బోట్లకు మనుషులు దొరుకుతారు.

రెండో రోజు పట్నం నుంచి మెకానిక్ జోజిని పిలిపించారు. అతను నన్ను ఇంటి ముందు ఇటుకల మీద పెట్టించి, చెవి ఆనించి విని, “లోన గాలి పట్టీసింది” అని తేల్చాడు. నాకు గాలి అందక ప్రాణం పోతుంటే గాలి ఎక్కువైందన్నాడు. తప్పు పట్టడం లేదు. మూతకు తాళం వేసినట్టు పసుపు పూసిన ఇంజను అతని దగ్గరికి ఇంతకుముందు వచ్చి ఉండదు. గొట్టాలు విప్పాడు, వాటి నోళ్ళు కడిగాడు, ట్యాంకు ఊడదీసి లోపల తుడిచాడు. పనిలో పనిగా మూతను కూడా డీజిల్ గుడ్డతో రుద్ది పక్కన పెట్టాడు. గుగ్గిలం నీళ్ళకు లొంగదు గాని డీజిల్‌కు కరుగుతుంది. అన్నీ బిగించి తిప్పితే, నేను ఆగకుండా ఆడాను. వీధిలో వాళ్ళంతా పోగై చూస్తున్నా ఆడాను. జోజి తల దువ్వుకుని, మర్యాదగా అన్నం తిని, గాలి గురించి ఇంకొన్ని మాటలు చెప్పి వెళ్ళాడు.

కాసులమ్మ ఆనందం చూడాలి మీరు. పొద్దువాలే వేళ స్నానం చేసి, తడి జుట్టుతోనే వచ్చి నా ముందు కూర్చుంది. జోజి నల్లటి చేతులు నా పసుపంతా పాడుచేశాయని బాధపడింది. మొదటిసారి పలచగా పూశాను, అందుకే గంగమ్మ తల్లి ఒప్పుకోలేదని అనుకున్నట్టుంది, ఈసారి గుగ్గిలం రెట్టింపు వేసింది. ఆమె వేలు మూత మీదికి వస్తుంటే నాకు అరవాలనిపించింది. నేను అరవాలంటే ఎవరో ఒకరు హేండిల్ తిప్పాలి. నన్ను కాపాడమని మొక్కుకుంటూ, నా ముక్కు మూసింది.

మర్నాడు మళ్ళీ మూడో అల దగ్గరే ఆగాను.

ఈసారి ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. అదే ఎక్కువ బాధగా ఉంటుంది. నన్ను మోసుకొచ్చి ఇంటి ముందు దించారు. దేముడమ్మ మంచం మీంచి లేచి వచ్చి, నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ఆమె చదువుకోలేదు గాని వరస తెలిసిన మనిషి. ఒకదాని తరవాత ఒకటి పేర్చుకుంటూ పోయి చివర్న ఆగింది.

“నిన్న ఆ మెకానిక్కు సేతిలో ఆడింది. తెల్లారీసరికి సచ్చింది. మద్దిలో దాన్ని ముట్టుకున్నది ఎవులే?” అంది.

కాసులమ్మ గోళ్ళలో ఇంకా పసుపు ఉంది. చేతులు కొంగులోకి దాచుకుంది.

దేముడమ్మ చెడ్డ మనిషి కాదని చెప్పాలి. కోడలికి జ్వరం వస్తే తనే కాళ్ళు పిసుకుతుంది. కాని ఆమెకు ఒక కారణం దొరికింది, మూడు రోజులుగా ఎవరికీ దొరకనిది. అలా దొరికినదాన్ని ఎవరు వదులుకుంటారు? పైగా ఆమె మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. నన్ను ఆపింది ఆ చెయ్యే. ఎందుకో మాత్రం ఆమెకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే కాసులమ్మ బయట చేరింది. నెలకొకసారి ఆడవాళ్ళు అలా వసారా చివర చాప వేసుకుని దూరంగా ఉండాలి ఆ ఇంట్లో. నాతో సహా దేన్నీ ముట్టుకోకూడదు. ఆ చాప మీద కూర్చునే, మసేను తవిటయ్యతో సరే అనడం విన్నది. నన్ను అమ్మేసి ఆదివారం రైలెక్కుతానన్నాడు. కాసులమ్మ ఏడవలేదు. మోకాళ్ళు దగ్గరకు తీసుకుని, నడుచుకుంటూ తన వైపు వస్తున్న కూతుర్ని రావద్దని చేత్తో వారించింది. పిల్ల ఆగి, తండ్రి కాలు పట్టుకుని నిలబడింది. ఇప్పుడు దానికి అతనంటే భయం లేదు.

శనివారం పొద్దున్నే పాత ఇంజన్లు కొనే ఆసామి వస్తానని కబురు పెట్టాడు. పసుపు కింద తుప్పు దాస్తారని అతనికి ఎప్పుడూ అనుమానమట. అందుకని మసేను నన్ను ముందేసుకుని కూర్చుని శుభ్రం చెయ్యడం మొదలుపెట్టాడు. కొన్న రోజు తరవాత అతను నన్ను అంత శ్రద్ధగా చూడటం మళ్ళీ అప్పుడే. వదిలించుకునే ముందు మనుషులకు వస్తువుల మీద ప్రేమ పుడుతుంది. మూత తిప్పితే కదల్లేదు. బలం పెట్టి తిప్పితే ‘ఉస్సు’ మంటూ గాలి పీల్చుకుని వచ్చింది. వసారా చివర కాసులమ్మ తల ఎత్తింది. మసేను కత్తి మొనతో మూత మీది పసుపు చెక్కాడు. వల అల్లే సూదితో మధ్యలో పొడిస్తే చిల్లులోంచి ముల్లులాంటి సన్న ముక్క బయటికి వచ్చి పడింది. అతను దాన్ని చూడలేదు, ఊదేశాడు. కాసులమ్మ చూసింది. అది పడిన చోటు చూసి, తన గోళ్ళలోని పసుపు చూసుకుంది.

ఆసామి వచ్చి ఆడించి చూపించమన్నాడు. ఆడాను. ఇప్పుడు ఆగుతుందేమోనని మసేను సిగ్గుపడుతూ నిలబడ్డాడు. ఆగలేదు. ఆసామి ఏదో ధర మొదలుపెట్టాడు, మసేనుకు వినిపించలేదు, అతని చెవులు నా దగ్గర ఉన్నాయి. ఎల్లాజి వీధి చివరి నుంచి పరుగున వచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నన్ను ఆపి, వెదురు బద్దకు కట్టి, ఆసామిని అక్కడే వదిలేసి తీరానికి పరుగెత్తారు. మూడో అల దాటాం. నాలుగో అల దాటాక ఇక అలలు లేవు, ఊరికే సముద్రం ఉంది. తిరిగి వచ్చేసరికి ఆసామి ఇంకా అరుగు మీదే కూర్చుని, ఇంత బాగా ఆడేదాన్ని అమ్ముతామని నన్నెందుకు తిప్పారని దేముడమ్మతో తగువు పడుతున్నాడు.

ఆదివారం రైలు మసేను లేకుండానే వెళ్ళింది. ఆ కబురు విన్నప్పుడు కాసులమ్మ చాప మీద వెనక్కి వాలి, కళ్ళు మూసుకుంది.

నేను ఎలా బాగయ్యానో ఊరంతటికీ తెలుసు, ఎవరికి తోచినట్టు వాళ్ళకు. జోజి తన పనితనం నెమ్మదిగా పట్టిందన్నాడు. ఎల్లాజి నిమ్మకాయల పేరు చెప్పాడు. దేముడమ్మ మాత్రం ఏ వాదనా పెట్టుకోకుండా, కోడలు దూరంగా ఉన్న రోజునుంచే ఇంజను ఆడుతోంది, చూసుకోండి అంది. నేను రోజూ ఆగకుండా ఆడుతూ ఆమె మాటకు సాక్ష్యం చెబుతున్నాను. కావాలని ఒక్కరోజు ఆగిపోదామా అనుకున్నాను. ఆగితే మసేను వెళ్ళిపోతాడు. అందుకని ఆడాను.

కాసులమ్మ తలంటు పోసుకుని ఇంట్లోకి వచ్చిన రోజు పొద్దున, మసేను, ఎల్లాజి నాకు తాళ్ళు బిగిస్తున్నారు. ఆమె పిల్లని చంకనెత్తుకుని లోపలి గది గుమ్మంలో నిలబడింది. చేతిలో పసుపు గిన్నె లేదు. దేముడమ్మ చూసి, ఇంజను గడప దాటేదాకా లోపలే ఉండమంది, ఇకమీద రోజూ అంతే అంది. కోపంగా కాదు, ఉప్పు డబ్బాకు మూత పెట్టమన్నంత మామూలుగా చెప్పింది.

కాసులమ్మ మసేను వైపు చూసింది. “నీకూ అలగే అనిపిస్తన్నాదేటి మావా?” అని అడిగింది.

మసేను ముడి సరిచూసుకున్నాడు. ముడి సరిగ్గానే ఉంది. “నడస్తన్నాది కదే. నడిసేదాన్ని కదపడం ఎందుకు?” అన్నాడు.

మెకానిక్కులు ఇంజన్ల గురించి ఎప్పుడూ చెప్పే మాటే అది. పెళ్ళాల గురించి వాడటం నేను మొదటిసారి విన్నాను.

కాసులమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. మళ్ళీ విప్పింది. అత్త వైపు తిరిగి, వీధికి కూడా వినిపించేంత గట్టిగా అంది, “నా సెయ్యి కాదత్తా. ఆ మూతకి సన్న సిల్లున్నాది. నాను సూసినాను. అందల పసుపు ఎల్లి...”

“పసుపా?” అంది దేముడమ్మ. గబగబా చెంపలు వేసుకుంది. “తప్పు నీ మీదికొస్తే అమ్మోరి పసుపు మీదికి తోసీస్తావేటే?”

మసేను తల తిప్పుకున్నాడు. పోటు మారిపోతుందని ఎల్లాజి తొందరపెట్టాడు. ఇద్దరూ బద్ద భుజానికెత్తారు, నేను గాల్లోకి లేచి ఊగాను. గడప మీంచి చూస్తే, కాసులమ్మ ఇంకా నా మూత వైపే వేలు చూపిస్తూ ఏదో చెబుతోంది, చంకలో పిల్ల కూడా తల్లిని చూసి నా వైపే వేలు చూపిస్తోంది. దేముడమ్మ ఇద్దర్నీ లోపలికి నెట్టి, తలుపు దగ్గరకు లాగి, గొళ్ళెం పెట్టింది.